ఎడమ పక్క ఖాళీ

ఈ మధ్య మా టపాలో కథలూ కవితలతో పాటు, పైన ‘స్క్రిప్టు’ అని రాసిన కాగితాల కట్టలు కూడా వస్తున్నాయి. ఏలూరు పవర్‌పేట నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, కైకలూరు అవతలి లంక గ్రామాల నుంచి. పత్రికలో వేసుకునే సరుకు కాకపోయినా చదువుతాం. చాలావాటిలో మొదటి వరుసే డైలాగు. అన్నవాడు ఎక్కడ నిలబడ్డాడో, చేతిలో ఏముందో ఉండదు. ప్రాస మాత్రం తప్పదు.

తెలుగు సీను కాగితానికి ఒక పాత పద్ధతి ఉంది. నిలువునా మడత పెట్టి, ఎడమ పక్క కనపడేది రాస్తారు, కుడి పక్క వినపడేది. మాకు వచ్చే కట్టల్లో ఎడమ పక్క తెల్లగా మెరుస్తోంది.

తప్పంతా కుర్రాళ్లదే అనలేం. మన తెర మీద రచయిత పేరు ఎక్కువగా ‘మాటలు’ అన్న చోటే పడుతుంది. కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం మూడూ ఒకే పేరు కింద వెళ్లిపోవడం చూస్తూ పెరిగినవాడికి రచన అంటే సంభాషణే. పైగా మనది పరిషత్తు నాటకాల గాలి తగిలిన నేల. నాటకంలో చివరి వరుసవాడికి కన్ను చెమర్చడం కనపడదు, గొంతే వినపడాలి. కెమెరా ఆ కంటికి జానెడు దూరంలోకి వచ్చాక మాటకు పని తగ్గింది.

ఈ సంగతి తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. ఏలూరు పక్క సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఎల్వీ ప్రసాద్ 1955లో తీసిన ‘మిస్సమ్మ’ను మళ్లీ చూడండి, ఈసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని. బెంగాలీ నాటకం నుంచి తెచ్చిన కథ, చక్రపాణి రాత. భార్యాభర్తలైన పంతుళ్లే కావాలన్న ప్రకటన చూసి, ఉద్యోగం లేని ఇద్దరు పట్టభద్రులు మొగుడూపెళ్లాలమని అబద్ధమాడి జమీందారు బళ్లో చేరతారు. ఆ ఇద్దరిలో అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. ఆ అబద్ధం మనకు తెలుసు, జమీందారుకు తెలియదు. ఆయన మంచి మనసుతో చేసే ప్రతి మర్యాదా వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ‘బాగున్నారా’ అన్నా నవ్వొస్తుంది, ఆ మాటలో ఏమీ లేకపోయినా. నవ్వు ఎడమ పక్క నుంచి వస్తోంది మరి.

టీవీ సీరియల్ వేరే బడి. రోజుకో ఎపిసోడు, రెండు మూడిళ్ల సెట్లు. అక్కడ మాటలే ఖర్చు తగ్గిస్తాయి. చేతికి వేగం అలవడుతుంది, కంటికి బద్ధకమూ అలవడుతుంది.

‘నా పాయింటు కొట్టేశారు’ అన్న ఫిర్యాదు కూడా ఉత్తరాల్లో తరచూ చూస్తున్నాం. ఊహకు హక్కు లేదు, దాన్ని రాసిన రూపానికే ఉందని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. టీ కొట్టు దగ్గర చెప్పిన లైను గాలిదే. సీను సీనుగా కాగితం మీద పెట్టిందే మీది. రచయితల సంఘంలో నమోదు దానికి సాక్ష్యం.

ఏం రాయాలి అనే ప్రశ్న మన జిల్లాలో పుట్టకూడదు. 2006లో కొల్లేరు సరస్సులో ఐదో కాంటూరు హద్దు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కూల్చింది. సరస్సుకు ఊపిరాడిందన్నవాళ్లు ఉన్నారు, కూడు పోయిందన్నవాళ్లూ ఉన్నారు. ‘భద్రం కొడుకో’ సినిమా తీసిన అక్కినేని కుటుంబరావు కూడా కొల్లేటి గురించి చెప్పడానికి నవలనే ఎంచుకున్నారు, ‘కొల్లేటి జాడలు’. తెరకు ఆ బాకీ ఉంది.

అప్పు తెచ్చి చెరువు వేసిన మనిషిని ఊహించండి. రేపు గట్టు తెగుతుంది. డైలాగుల రచయిత అతని చేత శాపనార్థాలు పెట్టిస్తాడు, రెండు పేజీలు. మాకు మాత్రం అతను ఆ సాయంత్రం కూడా దోనె ఎక్కి, అలవాటు ప్రకారం చేపలకు మేత చల్లడం కనిపిస్తోంది. చల్లుతూ చల్లుతూ బస్తాలో ఎంత మిగిలిందో వంగి చూసుకుంటాడు.

ఈసారి స్క్రిప్టు పంపేవాళ్లు కుడి పక్క ఖాళీగా వదిలి పంపండి. అయిదు పేజీలు చాలు. చదివి జవాబు రాస్తాం. అచ్చేస్తామని మాత్రం మాట ఇవ్వలేం.