పట్టభద్రుల పరస్థల నివాసము

పట్టపరీక్షయందు తేఱిన యువకుడు పైచదువు నిమిత్తము దూరనగరమునకు పోవునపుడు, తలిదండ్రులు పెట్టె, పఱుపు, ఆవకాయ జాడీ, కొంత ధనము సమకూర్చి, ఇక కొఱత యేమియు లేదని తలంతురు. మన నిడదవోలు రైలు కూడలి యగుటచే ఇట్టి ప్రయాణములను మనము తఱచుగా చూచుచునే యున్నాము. పోవునది విశాఖపట్టణమైనను, హైదరాబాదైనను, అమెరికాయైనను, సంసిద్ధత యంతయు పెట్టెలోనే యున్నదను భావము సరికాదని మా యభిప్రాయము.

ఈ విషయమున మన పొరుగుననే పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము గమనింపదగినది. వారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండు మార్లు తప్పి మూడవ మారు గెలిచిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి, బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్యార్థి యైరి. అచ్చట వైద్యము చేయుటకు అనుమతి లేనందున, ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపఱచి పొట్టపోసికొనిరి. 1925లో ఫిస్కె పండితునితో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1930లో డాక్టరు పట్టము పొందిరి. తరువాత లెడర్లీ పరిశోధనశాలలో వారి నాయకత్వమున వెలువడిన మందులలో, మన గోదావరి సీమను చిరకాలము పీడించిన బోదకాలు వ్యాధి క్రిములను చంపు మందు ఒకటి.

జనులు ఆ మందులనే కొనియాడుదురు. మన విద్యార్థులకు ఆ రాత్రి చాకిరినే ముందుగా చెప్పవలెనని మా తలంపు. మన యిండ్లలో మగపిల్లవాడు తాను తిన్న కంచము కడుగడు, తన చొక్కా ఉదుకుకొనడు. ఇట్లు పెరిగినవానికి నగరమున మొదటి మాసము పాఠముకంటె వంటయే కఠినమగును. కావున అన్నము వండుట, బట్టలుదుకుట, పైకమునకు లెక్క వ్రాయుట పాఠశాలలో చదువునాడే ఇంట నేర్పవలెను. ఆడుపిల్లలకు ఇంటిపని అలవాటే. వారికి ఒంటరిగా బ్యాంకునకును కార్యాలయమునకును పోయి మాటలాడు ధైర్యము నేర్పవలెను.

స్వగ్రామస్థులున్న బసలో దిగుటయే క్షేమమని పలువురు చెప్పుదురు. మొదటి దినములకది నిజమే. అయినను చదువు ముగియువఱకు ఆ గుమ్మము దాటనివాడు నగరమున నుండియు నగరము నెఱుగడు. సుబ్బారావుగారు అన్యదేశస్థుడైన పండితునితో కలిసి పనిచేసినందుననే వారి ప్రతిభ మొదట లోకమునకు తెలిసినది.

ఇక తలిదండ్రులకొక మాట. అప్పుచేసియో పొలమమ్మియో కుమారుని పంపిన తండ్రి “మార్కులెన్ని?” అనియే అడుగును. ఆ భారమెఱిగిన బిడ్డ తన ఆకలిని, జ్వరమును, పరీక్ష తప్పుటను దాచును. దాచిన దుఃఖము మనస్సును కృంగదీయును. కావున “భోజనము చేసితివా నాయనా? నిద్ర పట్టుచున్నదా? స్నేహితులెవరు?” అని మొదట అడుగుడు. పరీక్ష తప్పినను ఇంటి తలుపు తెఱచియే యుండునని బయలుదేరు దినముననే చెప్పి పంపుడు. సుబ్బారావుగారు స్వదేశమును మరల చూడకయే 1948లో మరణించిరి. వారి భార్య ఇచ్చటనే యుండిపోయెను. విద్య యెంత గొప్పదైనను ఎడబాటునకు వెల గలదు. ఆ వెలను తగ్గించునవి ఇంటి జాబులు, ఇంటి మాటలు.

యోసేపు ఐగుప్తులో దాస్యము చేసెను. దానియేలు బబులోనులో పరభాష నేర్చెను. ఇద్దరును తమ దేవుని మఱువలేదు. విద్యార్థులారా, చదువుకై, కొలువుకై మన యూరికి వచ్చు క్రొత్తవారిని నేడే పలుకరింపుడు. క్రొత్తవారిని ఆదరింప నేర్చినవాడు, తాను క్రొత్తవాడైననాడు ఆదరణ నడుగుటకు సిగ్గుపడడు. నిడదవోలు విడిచిపోవు మన బిడ్డలకు దేవుడు తోడైయుండును గాక.