214 కోట్ల దగ్గర ఆగిపోయే లెక్క

2147483647. మన లెక్కలో చదివితే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. కోడ్ రాసేవాళ్లలో చాలామంది నిద్రలో లేపి అడిగినా ఈ నంబర్ చెప్పేస్తారు. 31 రెండ్లను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. 32 బిట్ల ఇంటీజర్‌లో ఒక బిట్ ప్లస్సా, మైనస్సా అన్నదానికి పోతుంది. మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇది.

బీటెక్‌లో మాకు అంతవరకే చెప్పారు. ఇది ప్రధాన సంఖ్య అని మాత్రం ఎవరూ చెప్పలేదు! 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోదు. 1772 నాటికే ఆయిలర్ దీన్ని తేల్చేశాడు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు, ఆయనకి చూపు కూడా దాదాపు పోయింది.

మామూలుగా అయితే 46,340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేల ఏడు వందల పైనే. ఆయిలర్ అంత ఓపిక పట్టలేదు, బుర్ర వాడాడు. దీనికి భాజకం అంటూ ఉంటే, దాన్ని 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ రావాలని చూపించాడు. అలాంటివి ఆ హద్దులోపు నాలుగు వందలు కూడా లేవు, వాటిలోనూ ప్రధాన సంఖ్యలనే చూస్తే చాలు. ఫాస్ట్ ప్రాసెసర్ కొనే ముందు లాజిక్ సరిచూసుకోమని మా టీమ్‌లో జూనియర్లకి నేను చెప్పేది ఈ కథే.

ఇంకోటి. 6ని చూడండి: దాని భాజకాలు 1, 2, 3 కూడితే మళ్లీ 6. ఇలాంటివి పరిపూర్ణ సంఖ్యలు. మన నంబర్‌ని 30 రెండ్ల లబ్ధంతో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. ఇవి సరదాకే తప్ప దేనికీ పనికిరావు కాబట్టి, ఇంతకంటే పెద్దదాని కోసం ఎవరూ వెతకరేమో అని 1811లో పీటర్ బార్లో రాశాడు. పాపం, ఆ పనికిరాని నంబరే తర్వాత కంప్యూటర్లకి సరిహద్దు రాయి అయింది.

2014లో 'గంగ్నమ్ స్టైల్' వ్యూస్ ఈ హద్దు దాటడంతో యూట్యూబ్ తన కౌంటర్‌ని 64 బిట్లకి మార్చింది. అది పాటే కాబట్టి నవ్వుకున్నాం. టైమ్ అలా కాదు. చాలా సిస్టమ్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతున్నాయి. 2038 జనవరి 19, మంగళవారం, మన టైమ్ ఉదయం 8:44:07కి ఆ లెక్క సరిగ్గా 2147483647 అవుతుంది. 32 బిట్లలోనే ఉండిపోయిన మెషీన్‌కి మరుసటి సెకను 1901 డిసెంబర్!

ఇంకా టైముందిలే అంటారా? 2018లో 20 ఏళ్ల హోమ్ లోన్ తీసుకున్నవాళ్ల చివరి ఈఎంఐ ఆ ఏడాదే. అంటే ఆ తేదీతో సాఫ్ట్‌వేర్ ఇప్పటికే లెక్కలు వేస్తోంది. కొత్త ఫోన్లకి భయం లేదు, అవి 64 బిట్లు. గోడలోనో, ఫ్యాక్టరీలోనో ఏళ్ల తరబడి అప్‌డేట్ లేకుండా నడిచే చిన్న చిప్‌లతోనే అసలు తలనొప్పి.

64 బిట్ల హద్దు 9223372036854775807. ఇది మాత్రం ప్రధాన సంఖ్య కాదు. 7తో భాగించి చూడండి. వచ్చినదాన్ని మళ్లీ 7తో భాగించండి. రెండుసార్లూ శేషం సున్నా. ఫోన్ కాలిక్యులేటర్ చివరి అంకెల్ని రౌండ్ చేసేయొచ్చు, పెన్నూ పేపరూ తీసుకోండి.