ఫో గిన్నెలో అనాసపువ్వు



ఈ మధ్య మన గ్రూపులో తిండి మీద పోస్టులు బాగా వస్తున్నాయి. బొంగులో చికెన్ వీడియోలు, చోడి అంబలి ఫోటోలు, ఇప్పపువ్వు వంటలు. సంతోషమే. హాస్టల్లో అంబలి పేరెత్తితే పక్కవాళ్ళు నవ్వుతారని దాచుకున్న రోజుల నుంచి ఇక్కడిదాకా వచ్చాం. కానీ ఆ పోస్టుల కింద ఎక్కువమంది ఒకే మాట రాస్తున్నారు: "మన తిండి ఫేమస్ అయితే మన బతుకులు మారతాయి" అని. ఆ మాట మీద నాకు అనుమానం ఉంది. ఆ అనుమానం ఏంటో చెప్పాలంటే ఒక వియత్నాం వంటకం గురించి చెప్పాలి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆ వంటకం పేరు ఫో. వింటే మనల్ని బయటికి పొమ్మన్నట్టు ఉంటుంది గానీ, వాళ్ళు ఏదో ప్రశ్న అడిగినట్టు చివర లేపి పలుకుతారు. బియ్యప్పిండితో చేసిన పల్చటి నూడుల్స్, ఎముకల్ని గంటలకొద్దీ మరిగించి తీసిన రసం, పైన పల్చగా కోసిన గొడ్డు మాంసం గానీ కోడి మాంసం గానీ, ఉల్లికాడలు, కొత్తిమీర. పక్కన ఒక ప్లేటులో పచ్చి ఆకులు, పెసర మొలకలు, నిమ్మచెక్క, మిరపకాయ ముక్కలు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు కలుపుకోవాలి. పుల్లలతో నూడుల్స్, చెంచాతో రసం.

పోయిన నెల హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటున్న ఇద్దరు సీనియర్లతో కలిసి ఒక వియత్నాం హోటల్‌కి వెళ్ళాను. రేటు చూసి ముగ్గురం రెండు గిన్నెలే చెప్పాం. రుచి మాత్రం నిజంగా బాగుంది. ఒక అన్న మొదటి గుక్క తాగి, "ఇది మనం కాచుకునే ఎముకల రసమే కదరా, బిర్యానీ వాసన ఒకటి తోడైంది" అన్నాడు. కరెక్టుగా పట్టాడు. ఆ బిర్యానీ వాసన ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే ఈ పోస్టు.

ముందు ఫో ఎలా పైకొచ్చిందో చూద్దాం. అది రాజుల వంట కాదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర వియత్నాంలో, హనోయ్, నామ్ దిన్ వైపు పుట్టింది. అక్కడ పశువులు దుక్కికి పనికొచ్చేవి, వాటిని కోసుకు తినడం తక్కువ. ఫ్రెంచి దొరలు వచ్చాక గొడ్డు మాంసానికి గిరాకీ పెరిగింది. మంచి మాంసం దొరల ఇళ్ళకి పోయేది. ఎముకలు, తుక్కు ముక్కలు చవగ్గా మిగిలేవి. వీధుల్లో అమ్ముకునేవాళ్ళు వాటినే కుండలో వేసి మరిగించారు. కావడికి ఒక పక్క పొయ్యి, రసం కుండ. ఇంకో పక్క నూడుల్స్, గిన్నెలు. కావడి భుజాన వేసుకుని వీధి వీధి తిరిగి అమ్మారు. నామ్ దిన్ దగ్గర వాన్ కూ అనే ఊరి వాళ్ళకి తరతరాలుగా ఇదే వృత్తి.

1954లో దేశం రెండు ముక్కలైంది. ఉత్తరం నుంచి లక్షల మంది దక్షిణానికి వెళ్ళిపోయారు, ఫో కూడా వాళ్ళతో సైగాన్ చేరింది. అక్కడ కొంచెం తీపి ఎక్కువైంది, పచ్చి ఆకులూ మొలకలూ తోడయ్యాయి. 1975లో యుద్ధం ముగిశాక మళ్ళీ లక్షల మంది పడవలెక్కి అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా దేశాలకి వలసపోయారు. చేతిలో డబ్బు లేదు, భాష రాదు. వచ్చిన వంటతోనే చిన్న చిన్న హోటళ్ళు పెట్టుకున్నారు. అమ్మ వంటింట్లో, నాన్న కౌంటర్లో, పిల్లలు బల్లలు తుడుస్తూ. పేరు మాత్రం మార్చలేదు. "వియత్నాం బీఫ్ సూప్" అని బోర్డు పెట్టలేదు, "ఫో" అనే పెట్టారు. తినేవాళ్ళే ఆ మాట నేర్చుకున్నారు. ఇప్పుడది ఇంగ్లీషు డిక్షనరీల్లో ఉంది. వియత్నాంలో డిసెంబర్ 12ని ఫో రోజుగా జరుపుకుంటారు. 2024లో అక్కడి ప్రభుత్వం హనోయ్ ఫోని, నామ్ దిన్ ఫోని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇక్కడితో ఆపేస్తే మన వాళ్ళు రాసే మాటే నిజమనిపిస్తుంది. చూశారా, ఎముకలతో మొదలుపెట్టి ప్రపంచాన్ని గెలిచారు, మనమూ గెలుస్తాం అని. కానీ సగం కథే చెప్పాను.

ఫోకి ఆ వాసన ఇచ్చేవి ముఖ్యంగా మూడు. అనాసపువ్వు, దాల్చిన చెక్క, నల్ల యాలకులు. అవి హనోయ్ వీధుల్లో పండవు. అనాసపువ్వుకి పేరుపడ్డ చోటు చైనా సరిహద్దులో ఉన్న లాంగ్ సన్ కొండలు. అక్కడ ఆ చెట్లు పెంచేది తై, నుంగ్ తెగల వాళ్ళు. యెన్ బాయ్ కొండల్లో దాల్చిన చెక్క వొలిచేది ఎక్కువగా జావో తెగ వాళ్ళు. నల్ల యాలకులు ఇంకా పైన, లావ్ కాయ్ వైపు ఎత్తైన అడవుల్లో, పెద్ద చెట్ల నీడన పెరుగుతాయి. వాటిని కోసి, పొగలో ఆరబెట్టేది హ్మాంగ్, జావో కుటుంబాలు. వియత్నాం ప్రభుత్వం గుర్తించిన జాతులు 54. వాటిలో కిన్ జాతి వాళ్ళే నూటికి 85 మంది దాకా ఉంటారు. మైదానాలు, నగరాలు, ప్రభుత్వం అన్నీ ఎక్కువగా వాళ్ళవే. మిగతా 53 జాతుల్లో చాలామంది కొండల మీదే ఉంటారు. ఆ దేశంలో పేదరికం ఎక్కువగా ఉన్నదీ ఆ కొండల మీదే.

అంటే ఆ గిన్నెలో ఎముకల రసం మైదానం వాళ్ళది, వాసన కొండోళ్ళది. ఫో అనగానే అందరూ వియత్నాం అంటారు, హనోయ్ అంటారు. తై అనీ నుంగ్ అనీ ఎవరైనా అనగా విన్నారా? మేము వెళ్ళిన హోటల్ మెనూ కార్డు మీద హనోయ్ వీధుల గురించి నాలుగు లైన్లు రాశారు. కొండల గురించి ఒక్క మాట లేదు. తై వాళ్ళు వెదురు బొంగులో బియ్యం పోసి నిప్పుల మీద కాల్చుకుంటారు, దాన్ని కొమ్ లామ్ అంటారు. మన బొంగు వంటకి అచ్చం చుట్టమే. అది కూడా ఆ మెనూలో లేదు. ఇంకో సంగతి. మన దేశం వాడుకునే అనాసపువ్వులో ఎక్కువ భాగం వియత్నాం నుంచే వస్తుంది. అంటే హైదరాబాద్ బిర్యానీ హండీలో కూడా ఆ తెగల కష్టం ఉండే ఉంటుంది. తినేవాళ్ళకి తెలీదు, మనకీ తెలీదు.

ఇప్పుడు మన కొండలకి రండి. పాడేరు, అరకు, చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, అదే చెట్టుకి పాకిన మిరియాల తీగ, పక్క చెక్కలో పసుపు, అల్లం. పండించేది భగత, కొండదొర, వాల్మీకి, కోదు, గదబ, పోర్జ కుటుంబాలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో పారిస్‌లో కాఫీ షాపే ఉంది. గర్వంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ గుర్తింపు లోయ పేరు మీద ఉంది, మనుషుల పేరు మీద లేదు. లాంగ్ సన్ అనాసపువ్వుకి కూడా అక్కడ అలాంటి గుర్తింపే ఉంది. ఊరి పేరు మిగిలింది, తెగ పేరు మిగల్లేదు. కాబట్టి "మన వంటకి గుర్తింపు ట్యాగ్ తెస్తే చాలు" అనుకునే మిత్రులు ఈ విషయం ఆలోచించాలి. ట్యాగ్ మంచిదే. అది దొంగ సరుకుని ఆపడానికి పనికొస్తుంది. డబ్బు ఎవరి చేతికి వెళ్ళాలో అది చెప్పదు.

బొంగులో చికెన్ సంగతీ ఇంతే. అరకు, మారేడుమిల్లి రోడ్ల పక్కన మన కుర్రాళ్ళు సొంతంగా కాల్చి అమ్ముతున్నారు, వాళ్ళకి సలాం. కానీ అదే వంట సిటీ హోటల్లోకి వచ్చేసరికి మన పేరు "ట్రైబల్ స్టైల్" అనే రెండు ముక్కలు అయిపోతుంది. ఏ తెగ, ఏ ఊరు, ఏ కాలంలో వండుతారు, ఏ ఆకుతో మూత పెడతారు, ఎందుకు లేత వెదురే వాడతారు అన్నది ఎవరికీ అక్కర్లేదు. రేపు అది దేశమంతా ఫేమస్ అయినా ఫేమస్ అయ్యేది బొంగే, మనం కాదు.

ఇక్కడ కొందరు అడుగుతారు, "వంటకి ఓనర్లు ఉంటారా? అందరూ వండుకోవచ్చు కదా" అని. నిజమే. ఫోనే చూడండి, అందులో ఫ్రెంచి వాళ్ళ గొడ్డు మాంసం ఉంది, చైనా వాళ్ళ నూడుల్స్ ప్రభావం ఉంది. ఏ వంటా ఒక్కరిదే కాదు. ఎవరూ వండొద్దని నేను అనట్లేదు. వండి అమ్మే చోట గల్లాపెట్టె దగ్గర మనం ఎందుకు లేము అని అడుగుతున్నా. వియత్నాం శరణార్థులకి రెండు విషయాలు కలిసొచ్చాయి: పేరు వాళ్ళ భాషలో ఉంది, షాపు వాళ్ళ చేతిలో ఉంది. కొండ తెగల దగ్గర ఈ రెండూ లేవు, సరుకు ఒక్కటే ఉంది. సరుకు ఒక్కటే ఉన్నవాడు ఎప్పుడూ తూకం దగ్గరే ఆగిపోతాడు. వారపు సంతలో మన అమ్మలు పసుపు బుట్ట దించి రేటు కోసం ఎవరి మొహం చూస్తారో మీ అందరికీ తెలుసు.

అందుకే నా అభిప్రాయం ఇది. "మన తిండి ఫేమస్ చేద్దాం" అనేది రెండో పని. మొదటి పనులు వేరే ఉన్నాయి.

ఒకటి, పేర్లు. ప్రతి వంటకి మన భాషలో ఉన్న పేరు రాసి పెట్టుకుందాం. కువి, గదబ, కోయ, గోండి, కొలామి, ఏ భాషైనా సరే. తెలుగులో అర్థం పక్కన పెడదాం గానీ అసలు పేరు తీసేయొద్దు. పోస్టు పెట్టేటప్పుడు "ట్రైబల్ ఫుడ్" అని రాయకండి. ఏ తెగదో, ఏ ఊరిదో రాయండి.

రెండు, చేతులు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలే ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేసి అమ్ముతున్నారు. పువ్వు ఏరేదీ వాళ్ళే, లడ్డూ చుట్టేదీ వాళ్ళే. మనకి కావలసింది ఆ దారి. హోటల్ మేనేజ్‌మెంట్, ఫుడ్ టెక్నాలజీ, కామర్స్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఉద్యోగాల లిస్టులో దీన్ని కూడా చేర్చుకోండి. టీచర్, పోలీస్, గ్రూప్స్ తప్ప వేరే దారి లేదనుకోవద్దు.

మూడు, హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంలో వెదురుని కూడా చేర్చింది. వెదురు మీద హక్కు తెలియనివాడు బొంగు వంట మీద హక్కు ఎలా అడుగుతాడు? గ్రామసభలో ఈ మాట ఎత్తాల్సింది చదువుకున్న మనమే.

నాలుగు, మన పళ్ళెం. మనం తినని వంటని లోకం తినాలని కోరుకోవడంలో అర్థం లేదు. హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో వారానికి ఒక పూటైనా అంబలో, సామ అన్నమో పెట్టమని అడుగుదాం.

నేను ఫో తినొద్దని చెప్పట్లేదు. దొరికితే తినండి, చాలా బాగుంటుంది. గిన్నె అడుగున నక్షత్రంలా ఒక అనాసపువ్వు తగిలితే పక్కన పారేసే ముందు ఒక్క నిమిషం చూడండి. ఏ కొండ మీద ఏ అక్క ఎండబెట్టిందో. ఆవిడ పేరు ఆ హోటల్లో ఎవరికీ తెలీదు. రేపు మన పసుపుకి, మన మిరియాలకి, మన బొంగుకి అదే గతి పట్టకూడదంటే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినవాళ్ళు అవ్వని అడిగి ఒక్క వంట పేరు, చేసే పద్ధతి రాసుకురండి. అందరివీ కలిపి ఒకచోట పెడదాం.

జోహార్.