జంతువుల కబుర్లు: అల్పాకా పోతుల పోట్లాట



పొట్టేళ్ళు తలలు వంచి ఢీకొనడం మీలో చాలామంది చూసే ఉంటారు. రెండు ఆంబోతులు కుమ్ముకుంటూ బజారున పడితే జనం గబగబా అరుగులెక్కడం కూడా చూసి ఉంటారు. వాటికి కొమ్ములున్నవి గనక కొమ్ములతో పోట్లాడుకుంటవి. మరి కొమ్ములు లేక, ఒళ్ళంతా మెత్తని ఉన్ని కప్పుకుని, చూడగానే ముద్దు వచ్చే జంతువు దేనితో పోట్లాడుతుంది? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

ఆ జంతువు పేరు అల్పాకా. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు దాని పుట్టిల్లు. సముద్రమట్టానికి సుమారు 4,000 మీటర్ల ఎత్తున, చెట్లు పెరగని చలి బయళ్ళలో, క్వెచువా, ఐమారా ప్రజలు వేల ఏండ్లుగా వీటిని మేపుకుంటున్నారు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ అల్పాకాలు పెరూ దేశంలోనే ఉన్నవి. చూపుకు గొర్రెలాగా ఉన్నా ఇది ఒంటెకు చుట్టం. ఒంటెలూ, వాటి చుట్టాలూ మనుషులకు చేసే మేలు అందరికీ తెలియాలని ఐక్యరాజ్యసమితి 2024ను ఈ జంతువుల సంవత్సరంగా ప్రకటించింది.

అల్పాకా నోరు తెరిచి చూస్తే పైదవడ ముందు భాగాన పళ్ళే కనిపించవు. గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. పాపం, బోసినోటి జంతువు అనుకుంటాం. కాని మగదానికి రెండున్నర, మూడు ఏండ్లు వచ్చేసరికి నోటి ప్రక్కల ఆరు కోరపళ్ళు బయటికి వస్తవి. పైన నాలుగు, క్రింద రెండు. అవి వెనక్కు వంగి, చాకు మొనల్లాగా పదునుగా ఉంటవి. మేత నమలడానికి అవి పనికిరావు. ఉన్నది పోట్లాటకే!

ఆడవాటి మందలో పెద్దరికం ఎవరిదన్న దగ్గర పేచీ మొదలవుతుంది. రెండు పోతులూ చెవులు వెనక్కు వాల్చి, మూతులు పైకెత్తి, ఒకదానిమీద ఒకటి ఉమ్ముకుంటవి. ఆ ఉమ్ములో కడుపులోని పచ్చిమేత కూడా ఉంటుంది. తరవాత మెడలు పెనవేసుకుని త్రోసుకుంటవి. కీచుమని అరుస్తూ చెవులూ, మెడా, కాళ్ళూ కొరుకుతవి. లేత వయసువి ఇలా సరదాకు కూడా పెనుగులాడుతవి. దానివల్ల ప్రమాదం తక్కువ. కోరలు వచ్చినవాటి సంగతి వేరు.

ఇప్పుడు మీరే ఆ కొండమీద కాపరి అనుకోండి. పోట్లాట ఆగింది. చూస్తే ఒక పోతు కాస్త కుంటుతున్నది. రక్తం కనబడడం లేదు. "ఏం ఫరవాలేదు" అని ఊరుకుంటారా? ఊరుకోకూడదు! కోర దిగినచోట పైన చిన్న రంధ్రమే ఉంటుంది. దాన్ని ఉన్ని కప్పేస్తుంది. గాయం మాత్రం లోతు. పంటికి అంటుకున్న సూక్ష్మజీవులు లోపలికి పోతవి. పైచర్మం తొందరగా మూసుకుంటే చీము లోపలే చేరుతుంది. పైగా అల్పాకా నొప్పిని బయటపెట్టదు. అడవిలో బలహీనత కనబరిచిన జంతువునే వేటాడే మృగాలు ముందు పట్టుకుంటవి గదా!

అందుచేత పెద్దలు దాన్ని నెమ్మదిగా పట్టుకుని, ఉన్నిలోకి వ్రేళ్ళు పోనిచ్చి ఒళ్ళంతా తడిమి చూస్తారు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూడకూడదు. తరవాత గాయం చుట్టూ ఉన్ని కత్తిరించి, కాచి చల్లార్చిన ఉప్పునీటితో బాగా కడగాలి. లీటరు నీటికి ఒకటిన్నర చిన్నచెంచాల ఉప్పు చాలు. లోతైన గాయాన్ని బిగించి మూసేయకూడదు. చీము బయటికి పోయే దారి ఉండాలి. ధనుర్వాతం రాకుండా పశువైద్యుని చేత సూది వేయించాలి. ఈగలు వాలి పురుగు పట్టకుండా రోజూ చూడాలి. గాయపడినదాన్ని ఒంటరిగా దూరాన కట్టేయకూడదు. అల్పాకా మందలో బ్రతికే జంతువు; తోడు లేకపోతే దిగులుపడుతుంది. సాధువైన తోటిదాన్ని దగ్గర ఉంచాలి.

గాయం కట్టడంకన్న గాయం కాకుండా చూడడం మేలు. పశువైద్యుడు ఆ కోరల మొనలను సన్నని తీగరంపంతో కోసివేస్తాడు. పోతులను ఆడవాటికి దూరంగా, అవి కంటబడనిచోట మేపుతారు. మేత ఒకేచోట కాక నాలుగుచోట్ల వేస్తారు. మంద పెంచడానికి అక్కరలేని మగవాటిని, మన రైతులు కోడెలను ఎద్దులు చేయించినట్టే, చేయిస్తారు.

చివరికి ఒక ముఖ్యమైన మాట. తల్లి చనిపోయిన మగపిల్లకు సీసాతో పాలు పట్టి, ఇంట్లో బొమ్మలాగా ఆడించుకుంటే ఏమవుతుందో తెలుసా? అది మనిషిని కూడా తన జాతే అనుకుంటుంది. పెద్దదై కోరలు రాగానే, పాలు పట్టిన చేతినే పోటీ పోతు అనుకుని మీదపడి కరవవచ్చు. అది దాని తప్పు కాదు. తెలియక ప్రేమించిన మనుషులది. అందుకే తెలిసిన కాపరులు పాలు పట్టి, వెంటనే మందలో వదిలేస్తారు. ముద్దు చేయాలని చేతులు ఎంత లాగినా సరే!

ప్రేమించడమంటే ఎప్పుడూ ఒళ్ళో పెట్టుకోవడమే కాదు పిల్లలూ. ఎవరిచోట వాళ్ళను ఉండనివ్వడం కూడా ప్రేమే. మీ ఇంట్లో కుక్కపిల్లో, దూడో ఉంటే, దానికి ఏమి కావాలో ఈ పూట అమ్మానాన్నలతో కూర్చుని ఆలోచించండి.