బిడ్డకు తగిన బడి

వచ్చు సంవత్సరమునకు బడులలో అడ్మిషన్లు మొదలగు కాలమిది. ఈ మాసము మేము మా యింటి సంగతియే వ్రాయుచున్నాము. దీనివలన మీలో నొక్క తల్లికైనను మేలు కలిగినచో మా శ్రమ ఫలించినట్లే.

మా చెల్లెలు హైదరాబాదులో కాపురమున్నది. ఆమె కుమారునికి ఇప్పుడు తొమ్మిదేండ్లు. వాడు సెలవులకు వచ్చినప్పుడెల్ల సుమతీశతకము చెప్పుట మాకు వేడుక. రెండుసారులు వినిపించిన చాలును, పద్యము పొల్లుపోకుండ అప్పగించెడివాడు. అదే పద్యమును పుస్తకములో చూపినచో ప, ష, వ, మ లు వానికొక్కటిగనే తోచెడివి, గుణింతము తప్పెడిది, ఒత్తక్షరము కనబడగనే నోరు మూతపడెడిది. ఇంతటి జ్ఞాపకశక్తి గలవాడు చదువలేకపోవుట సోమరితనము గాక మరేమని మేము పలుమారు కసరితిమి. ఒకనాడు నలుగురి యెదుట, వానికంటె చిన్నదైన మా అమ్మాయిచేత ఆ పుట చదివించి వానిని సిగ్గుపరచితిమి. బడిపంతులుగారి యింట నుండియు మేము చేసిన పని యిది. దాచుట ధర్మము కాదు గనుక చెప్పుచున్నాము.

నిరుడు ఒక మానసిక నిపుణురాలు వానిని పరీక్షించి డిస్లెక్సియా యని నిర్ణయించెను. ఇది కంటిదోషము కాదు, బుద్ధిమాంద్యమును గాదు. చెవికి వినబడు ధ్వనిని కంటికి కనబడు అక్షరముతో ముడివేయుటలో కలుగు చిక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో పేర్కొనబడిన 21 విధములలో ఇట్టి అభ్యసన వైకల్యమును చేరియున్నది. గుర్తింపు పొందిన బడులు ఇట్టి పిల్లలను వివక్ష లేక చేర్చుకొనునట్లును, చిక్కును త్వరగా కనిపెట్టి తగిన రీతిని బోధించునట్లును ప్రభుత్వములు పూనుకొనవలెనని ఆ చట్టము చెప్పుచున్నది.

వాడు చదువుచుండిన బడివారు తమవలన గాదనిరి. మా మరిదిగారు అంతర్జాతీయ పాఠశాలలో చేర్పదలచిరి. "అక్కా, నీవును తోడు రమ్ము" అని చెల్లెలు కోరగా వెళ్లితిమి.

మొదటి బడిలో ఈతకొలను, గుఱ్ఱపుస్వారి, చలువ గదులు గలవు. పిల్లలందఱును మాకు సమానులే యని ఘనముగా చెప్పిరి. వీనికి ఎవరు బోధింతురని యడుగగా, బడి యంతటికిని ప్రత్యేక ఉపాధ్యాయిని ఒక్కతెయే యనిరి. ప్రక్కన కూర్చుండు షాడో టీచరును మేమే వెదకి, జీతము మేమే యిచ్చుకొనవలెనట. రెండవ బడిలో ఉదయము ఖాళీలు గలవనిరి. నిపుణురాలి నివేదిక చూచిన పిమ్మట సీట్లు నిండినవనిరి.

తిరిగివచ్చుచు కారులో ఆ పసివాడు మెల్లగా, "పెద్దమ్మా, నాకు చదవటం రాదనేనా సీట్లు అయిపోయినాయి?" అని యడిగెను. మాకు మాట పెగలలేదు. ఆ బడివారికంటె ముందుగా వానికి ఆ మాట నేర్పినవారము మేమే గదా!

మూడవది చిన్న బడి. పేరు నలుగురెఱిగినది కాదు. అచ్చటి ప్రధానోపాధ్యాయిని ముందు పిల్లవానినే పలుకరించి, నీకేది యిష్టమని యడిగెను. వాడొక పద్యము చదివెను. పిమ్మట ప్రత్యేక ఉపాధ్యాయిని వానిని ఒక ఇసుకపళ్లెము ముందు కూర్చుండబెట్టి, ధ్వనిని నోట పలికించుచు అక్షరమును వ్రేలితో దిద్దించెను. చెవి, కన్ను, చేయి మూడును కలిసి పనిచేయు ఈ పద్ధతిని 1930ల దశకములో అమెరికాలో ఆర్టన్ అను వైద్యుడును, గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు రూపొందించిరట. మా తండ్రిగారు మాకు బియ్యములో ఓనమాలు దిద్దించిన దినము మాకు జ్ఞాపకము వచ్చెను. ఆమె, "ఏడాదిలో అందఱివలె చదువునని మాట యియ్యజాలను. మూడు నెలలలో ఏమి నేర్పెదనో వ్రాసి యిత్తును, మీరు వచ్చి చూచుకొనవచ్చును" అనెను. మా చెల్లెలి మనసు అచ్చట కుదుటపడినది.

సోదరీమణులారా, అంతర్జాతీయమను మాట పాఠ్యక్రమమును తెలుపునే గాని ఆదరణను తెలుపదు. ఐ.బి. యనునది 1968లో జెనీవాలో పుట్టిన విధానము. కేంబ్రిడ్జి పరీక్షలు ఇంగ్లండునుండి వచ్చినవి. రెండింటిలోను ఇట్టి పిల్లలకు పరీక్షలో సాధారణముగా నాల్గవవంతు అదనపు కాలమిచ్చు ఏర్పాటు కలదు. కాని తగిన ఆధారములతో బడివారే ముందుగా దరఖాస్తు చేయవలెను. ఇదివఱకు ఎవరికైన చేసితిరా యని తప్పక యడుగుడు.

ఇంకను అడుగవలసినవి కలవు. ప్రత్యేక ఉపాధ్యాయినికి 1992 నాటి చట్టముచే ఏర్పడిన పునరావాస మండలిలో రిజిస్ట్రేషను ఉన్నదా? వారమునకు ఎన్ని గంటలు మన బిడ్డకు కేటాయింతురు? ఎన్ని భాషలు నేర్వవలెను? షాడో టీచరు వ్యయమెవరిది? మధ్యలో బడివారు చేతులెత్తినచో కట్టిన ఫీజు మాటేమి? ఈ జవాబులను వ్రాతమూలముగ పుచ్చుకొనుడు. అట్టి పిల్లను ఆ బడిలో చదివించుచున్న తల్లితో ఒక్కసారి మాటాడుడు. అచ్చు వేసిన పుస్తకములు చెప్పని సంగతులు ఆమె చెప్పగలదు.

మావంటి బడిపంతుల యిండ్లవారికి అంత ఫీజులు అందని మ్రాని పండ్లే. అంతమాత్రమున అధైర్యపడరాదు. నలువది శాతము గాని అంతకు మించి గాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము గల పిల్లలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్లవఱకు, సమీపమందలి బడిలోనో తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోనో ఉచిత విద్య పొందు హక్కును ముందు చెప్పిన చట్టమే యిచ్చినది. జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా ఒక్క భాషతోనే పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. ఇసుకపళ్లెమునకు కాసు ఖర్చు లేదు. ఓర్పు మాత్రము మనమే తెచ్చుకొనవలెను.

మా మరిదిగారు పేరున్న బడియే మేలని కొన్నాళ్లు వాదించిరి. తుదకు మూడవ బడికే ఒప్పుకొని, దానికి చేరువగా అద్దెయిల్లు మారిరి. ఈ దసరా సెలవులకు పిల్లవాడు మా యింటికి వచ్చెను. వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆనాడు నలుగురిలో సిగ్గుపరచుట మా తప్పని మా అమ్మాయి యెదుటనే చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, శతకము తెచ్చి, "నేను చదువుతాను, నువ్వు మధ్యలో అందించొద్దు పెద్దమ్మా" అనెను. నాలుగు పాదములు చదువుటకు చాల సేపు పట్టెను. రెండుచోట్ల తప్పి, తానే దిద్దుకొనెను. పొయ్యిమీది పాలు పొంగుచున్నను మేము లేవలేదు.