పంచాయతీ లెక్కలు అడుగుటకు జంకనేల?



కందుల బస్తా కాటా మీది కెక్కినపుడు తూకమెంత వచ్చినదో మనమే వంగి చూతుము. విత్తనముల సంచి కొనునపుడు దానికి కుట్టిన చీటీ చదివి, తేదీ చూచి గాని డబ్బు చెల్లింపము. ఇందులో ఎవరికిని తప్పు తోచదు. కాని మన పంచాయతీకి వచ్చిన సొమ్మెంత, అది దేనికి వ్యయమైనది అని అడుగవలసి వచ్చునప్పటికి మాత్రము నోరు పెగలదు. అడిగినవానికి తగాదాకోరు అని పేరు వచ్చునని భయము. సర్పంచిగారు ఏమనుకొందురో, కార్యదర్శిగారికి కోపము వచ్చునేమో అని సంకోచము. ఈ జంకు పోవలెను. లెక్క అడుగుట నింద మోపుట కాదు. అది మన కాటాను మనము చూచుకొనుట వంటిదే.

మన ప్రాంతమునకు ఇది మరింత అవసరము

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు మెట్ట ప్రాంతములు. గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడముగా గుర్తింపు పొందినది. అట్టి పెద్ద చెరువు చెంత నున్నను, మన పల్లెలలో అనేకము బోర్ల మీదనే ఆధారపడి యున్నవి. వానలు తప్పిన యేడు బోర్లు ఎండును. ఎండని బోర్లలో పెక్కింటిని ఫ్లోరైడు పీడించును. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుగా ఉండుట మేలనియు, వేరు ఆధారము లేనపుడు 1.5 మిల్లీగ్రాములు మించరాదనియు భారత ప్రమాణముల సంస్థ నిర్ణయించినది. మన ఊరి బోరు నీటిని ఎప్పుడు పరీక్షించిరి, ఫలితమేమి వచ్చినది అను విషయము కార్యాలయములోని కాగితములలో నుండును. ఆ నీరు త్రాగు మనలో ఎందరికి అది తెలియును?

వేసవిలో ట్యాంకరు వచ్చిన దినమున బిందెలు వరుస కట్టును. రోజుకు నాలుగు ట్రిప్పులని రిజిస్టరులో వ్రాసి, ఊరికి రెండే వచ్చినచో, పోయినది ప్రభుత్వ ధనము మాత్రమే కాదు. చివరి వరుసలోని ఇంటి బిందెడు నీరు కూడ పోయినట్లే. నాలుగును సక్రమముగా వచ్చినచో, రిజిస్టరు చూచినంతనే పుకార్లు అణగిపోవును. రెండు విధములను ఊరికి లాభమే.

సొమ్ము కూడ స్వల్పము కాదు. 2021-26 మధ్యకాలమునకు 15వ ఆర్థిక సంఘము పంచాయతీలకు సిఫారసు చేసిన నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు ప్రత్యేకించబడినవి. ఆ నిధులతో మన వీధిలో ఏ పైపు వేసిరో తెలిసికొనుట మన పనియే.

చట్టమేమి చెప్పుచున్నది?

ప్రభుత్వ కాగితములు ప్రజలు చూడవచ్చునను చట్టము మొదట స్వీడను దేశములో 1766లో వచ్చినది. మన దేశములో ఈ కోరికకు బలము తెచ్చినవారు పండితులు కారు. రాజస్థానములో, మన ప్రాంతము వంటి మెట్ట పల్లెల కూలీలు, రైతులు 1994 నుండి కరువు పనుల మస్టర్లను, బిల్లులను బహిరంగ సభలలో చదివించి, 1996లో బ్యావరు పట్టణమున నలుబది దినములు ధర్నా చేసిరి. అట్టి ఉద్యమముల ఫలితముగా సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12 నుండి దేశమంతట పూర్తిగా అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము ప్రకారము గ్రామ పంచాయతీలో కార్యదర్శిగారే పౌర సమాచార అధికారి. అర్జీ తెలుగులో వ్రాయవచ్చును. వ్రాయలేని వారు నోటితో చెప్పినచో వ్రాసికొనుటకు ఆయన సాయపడవలెను. ఎందుకు కావలెనని అడుగుటకు చట్టము ఒప్పుకొనదు. మన రాష్ట్ర నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయములో అర్జీకి రుసుము లేదు, మండలస్థాయిలో రూ. 5, ఆ పైన రూ. 10. నకళ్లకు సాధారణ పరిమాణపు పేజీ ఒక్కింటికి రూ. 2. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములు రుసుము చెల్లింపనక్కరలేదు. అర్జీ చేరిన 30 దినములలో సమాధానము రావలెను. ఆ గడువు దాటినచో సమాచారమును ఉచితముగా ఇవ్వవలెను.

ఏమి అడుగవలెను?

ఇచ్చటనే మనవారు ఎక్కువగా పొరబడుచున్నారు. ‘మా ఊరికి నీరు ఎందుకు రాలేదు? ఇది న్యాయమా?’ అని వ్రాసినచో అది ఫిర్యాదు అగును గాని సమాచారమునకు అర్జీ కాదు. కార్యాలయములో ఉన్న కాగితమునే ఇవ్వవలెను గాని, లేనిదానిని సృష్టించి ఇవ్వనక్కరలేదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున కాగితము పేరు, కాలము, పని పేరు స్పష్టముగా వ్రాయవలెను. ఉదాహరణకు:

1. 2025 మార్చి 1 నుండి జూన్ 30 వరకు మా గ్రామమునకు ట్యాంకర్లతో నీరు తోలిన ట్రిప్పుల రిజిస్టరు నకలు.

2. అందుకు చెల్లించిన బిల్లులు, ఓచర్ల నకళ్లు.

3. ఆ వ్యయమును ఆమోదించిన పంచాయతీ తీర్మానము నకలు.

4. ఈ దస్త్రములను కార్యాలయములో స్వయముగా చూచుటకు తేదీ, వేళ.

నాలుగవ కోరికను మరువరాదు. దస్త్రములు చూచుటకు మొదటి గంట ఉచితము. ఒక గంట కూర్చుండి చూచినచో ఏ పేజీ నకలు కావలెనో మనకే తెలియును. నూరు పేజీలు తీయించు ఖర్చు తప్పును. సిమెంటు రోడ్డు, పైపులైను వంటి పనులలో కొలతల పుస్తకము అడుగవలెను. ఆ పనిని పరిశీలించుటకు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇప్పించుకొనుటకు కూడ చట్టములో వీలున్నది.

అర్జీకి నకలు ఉంచుకొని, తేదీ వేయించి రసీదు పొందవలెను. కొన్ని బిల్లులు పంచాయతీలో గాక, గ్రామీణ నీటి సరఫరా కార్యాలయములోనో, మండల పరిషత్తులోనో ఉండవచ్చును. దానికి వెరవనక్కరలేదు. తన వద్ద లేని సమాచారమైనచో ఆ అర్జీని 5 దినములలో సరియైన కార్యాలయమునకు పంపవలసిన బాధ్యత అధికారిదే. 1970 వరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో నుండెను. జిల్లాల హద్దులు మారినపుడెల్ల కార్యాలయములు మారుచుండును. ఏ కాగితము ఏ బీరువాలో నున్నదో రైతు వెదకుకొననక్కరలేకుండ చట్టము చేసిన ఏర్పాటిది.

ఇవ్వనిచో ఏమి చేయవలెను?

సమాధానము రాకున్నను, తృప్తికరముగా లేకున్నను 30 దినములలో పై అధికారికి మొదటి అప్పీలు చేయవలెను. దాని మీద ఆయన 30 దినములలోను, మిక్కిలి ఆలస్యమైనచో 45 దినములలోను నిర్ణయించవలెను. అటుపైన 90 దినములలో రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు కలదు. అకారణముగా ఆలస్యము చేసిన అధికారికి కమిషను రోజుకు రూ. 250 వంతున, రూ. 25,000 మించకుండ జరిమానా విధించును. అయితే కమిషను వరకు పోయిన వ్యవహారము త్వరగా తెమలదు. కావున మొదటి అర్జీనే జాగ్రత్తగా వ్రాయుట మేలు.

ఒక మార్పును గమనింపవలెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము వలన సమాచార హక్కు చట్టపు 8వ సెక్షనులో వచ్చిన సవరణ 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. వ్యక్తుల సొంత వివరములను నిరాకరించుటకు ఇపుడు అవకాశము పెరిగినది. అందువలన పొరుగువాని వివరములకై పోక, పనికి సంబంధించిన కొలతలు, బిల్లులు, మొత్తములు అడుగుట యుక్తము. ప్రజాప్రయోజనము మిన్నయైనపుడు సమాచారము ఇవ్వవచ్చునను నిబంధన ఇప్పటికిని ఉన్నది.

గ్రామాధికారులకు ఒక మనవి

కార్యదర్శులకు పని భారము ఎక్కువైన మాట నిజము. కొందరు కక్షతో అర్జీ మీద అర్జీ పెట్టుటయు కలదు. కాని దానికి మందు దాచుట కాదు, ముందే తెరచి చూపుట. ఎవరును అడుగకయే 17 అంశముల సమాచారము ప్రకటింపవలెనని ఈ చట్టపు 4వ సెక్షను చెప్పుచున్నది. ట్యాంకరు ట్రిప్పుల లెక్కను వారమున కొకసారి గోడ మీద అంటించినచో, దాని కొరకు అర్జీ పెట్టువారెవరు? నిరాకరింపవలసి వచ్చినపుడు కూడ కారణమును, అప్పీలు చేయవలసిన అధికారిని, గడువును వ్రాతమూలముగా తెలుపవలెను.

పూర్వము ఊరి లెక్కలు కరణముగారి ఇంటి పెట్టెలో నుండెడివి. 1984లో ఆ పదవులు రద్దయినవి. పెట్టె పోయి బీరువా వచ్చినంత మాత్రమున చాలదు. బీరువా తలుపు కూడ తెరువవలెను. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకములో మస్టర్లను ఊరి మధ్య చదివి వినిపించు సామాజిక తనిఖీని మన రాష్ట్రమే ముందుండి నడిపినది. అట్టి రాష్ట్రమునకు ఇది క్రొత్త విద్య కాదు. మా వ్యవసాయశాఖకును ఈ చట్టమే వర్తించును. రైతు సేవా కేంద్రములో ఎరువుల నిల్వ ఎంత, ఈ-పంట జాబితాలో మీ పొలము ఏ పంటగా నమోదైనది అని నిస్సంకోచముగా అడుగుడు.

రైతులారా! రాబోవు గ్రామసభకు ముందు మీ ఊరిలో ఒక్క పనిని ఎంచుకొనుడు. ట్యాంకరు కానిండు, బోరు మరమ్మతు కానిండు. దాని కాగితములు అడిగి తెచ్చి, సభలో నిదానముగా, ఎవరిని దూషింపక చదివి వినిపింపుడు. లెక్క సరిపోయినచో కార్యదర్శిగారిని పదిమందిలో మెచ్చుకొనుడు. సరిపోనిచో ఆ తేడా ఎంతయో తీర్మానములో వ్రాయింపుడు.