సగం పానకం సూత్రం

మంగళగిరిలో నైట్‌లైఫ్ అంటే ఏముంది? హైవే పక్కన టీ కొట్టు, లేదంటే విజయవాడకో గుంటూరుకో బైకు మీద బిర్యానీ ట్రిప్పు. అంతే. కానీ ఇంటర్న్‌షిప్ వచ్చి హైదరాబాద్ వెళ్ళగానే సీన్ మారిపోతుంది. జూబ్లీహిల్స్, మాదాపూర్ పబ్బులు, చేతిలో డేటింగ్ యాప్. వెళ్ళొద్దని చెప్పడానికి నేను మీ వార్డెన్ని కాను. మందు ముట్టాలంటే తెలంగాణలోనైనా ఆంధ్రాలోనైనా 21 ఏళ్ళు నిండాలి, అది చట్టం. నేను చెప్పేది మాత్రం మనసు గురించి.

2024 జూన్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. యాప్‌లో అమ్మాయి పరిచయమవుతుంది, పబ్బుకు రమ్మంటుంది, ఖరీదైన మందు ఆర్డర్ చేసి మాయమవుతుంది. బిల్లు అబ్బాయి నెత్తిన. ఇది విని చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ కుర్రాళ్ళలో చాలామంది వెళ్ళింది మందు కోసం కాదనుకుంటా, తమతో మాట్లాడే మనిషి దొరికిందన్న ఆశతో. ముఠా వాడుకున్నది ఆ ఒంటరితనాన్నే.

ఏ మోసమూ లేకపోయినా పబ్బు తికమక పెడుతుంది. ఆ గోలలో మాట వినబడాలంటే చెవి దగ్గరకు వంగాలి. ఆ దగ్గరితనం మనసుదా, స్పీకర్లదా? మందు బెరుకు పోగొడుతుంది, నిజమే. కానీ అప్పుడన్న మాటలకు పొద్దున్న పూచీ ఎవరిది?

మన కొండమీద పానకాల స్వామి ఎంత పోసినా సగమే తాగి, మిగతా సగం భక్తుడికే వదిలేస్తాడని నమ్మకం. కొత్త పరిచయంలో మనమూ అంతే చేద్దాం. సగం ఇద్దాం, సగం మన దగ్గర ఉంచుకుందాం. రెండోసారి పగలు కలుద్దాం, మ్యూజిక్ లేనిచోట, టీ తాగుతూ. బిల్లు చెరిసగం. అప్పుడు కూడా మాటలు సాగితే, మిగతా సగం సంగతి చూద్దాం.

ఇది ఆటాడించడం కాదు. అవతలివాళ్ళకీ మనసుంటుంది. పబ్బుకొచ్చిన అమ్మాయి అనగానే ఏదో ఊహించుకునే అబ్బాయిలు ఈ ముక్క ముందు గుర్తుంచుకోవాలి. ఇష్టం లేకపోతే బ్లాక్ చేసి మాయమవకుండా, లేదని మొహం మీదే చెప్పడం కనీస మర్యాద.

"లైట్ తీస్కో బ్రో" అంటారు ఫ్రెండ్స్. మనసు లైట్ తీసుకునేదే అయితే, రాత్రి రెండింటికి హాస్టల్ మేడమీద అంతమంది ఫోన్ పట్టుకుని ఎందుకు కూర్చుంటున్నారు?